బ్రష్ రివ్యూ రాద్దామని కూర్చుంటే బేసిన్‌లో రక్తం కనిపించింది: చిగుళ్ల జబ్బుల గురించి ఒక గ్యాడ్జెట్ పిచ్చోడి రిపోర్ట్

నిజానికి ఈ స్లాట్‌లో మీరు ఒక ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ రివ్యూ చదవాలి. బాక్స్‌లో ఏముంది, ఎన్ని మోడ్స్, బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుంది, యాప్ ఎలా ఉంది, ఇవన్నీ రాసేశాను కూడా. మైనస్‌ల దగ్గర మాత్రం ఒక లైన్ ఉండిపోయింది: "వైబ్రేషన్ మరీ హార్ష్‌గా ఉంది, మూడో రోజే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది." పబ్లిష్ బటన్ నొక్కే ముందు ఆ ఒక్క లైన్ వెరిఫై చేసుకుందామనిపించింది. ఫోన్ హీట్ అయితే ఛార్జర్ మార్చి టెస్ట్ చేస్తాం కదా, అలా అన్నమాట. పాత మాన్యువల్ బ్రష్ తీసి, బాగా వెలుతురులో అద్దం ముందు నిలబడి బ్రష్ చేశా. దాంతో కూడా వచ్చింది రక్తం. ఇన్నాళ్లూ వస్తూనే ఉందేమో, పొద్దున్నే నిద్రమత్తులో, ఎర్రటి టూత్‌పేస్ట్ నురగలో నేను చూడలేదు. తప్పు బ్రష్‌ది కాదు. అందుకే దాని పేరు కూడా ఇక్కడ రాయట్లేదు, దాని రివ్యూ విడిగా వస్తుంది.

మా ఆఫీసు దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్లా. డాక్టర్ మేడమ్ చూసి అడిగిన మొదటి ప్రశ్న: "రక్తం ఎన్నాళ్ల నుంచి?" నేను బ్రష్ సంగతి మొదలుపెట్టేసరికి ఆవిడ నవ్వారు. "ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లు మెత్తటి బ్రష్‌కి రక్తం కార్చవండీ. మీ బ్రష్ రక్తం తెప్పించలేదు, బయటపెట్టింది." ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ చూపించిన లాగ్ ఫైల్‌ని నేను బగ్ అనుకున్నా.

ఆ తర్వాత ఈ సబ్జెక్ట్ కొంచెం లోతుగా చదివా. ఎందుకు చదవాల్సి వచ్చిందో కింద చెప్తా, అది నా చిగుళ్ల కోసం మాత్రం కాదు.

అసలు లోపల ఏం జరుగుతుంది?

పొద్దున లేవగానే పళ్ల మీద నాలుకతో తడిమితే జిగురుగా తగులుతుందే, అదే పాచి. అది తిండి ముక్కలు కాదు, బ్యాక్టీరియా కాలనీ. తన చుట్టూ తానే ఒక జిగురు పొర కట్టుకుని ఉంటుంది కాబట్టి నీళ్లు పుక్కిలిస్తే పోదు, దేనితోనైనా రుద్దితేనే పోతుంది. రుద్దకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ దాంట్లో చేరి రాయిలా గట్టిపడుతుంది. దాన్నే మనవాళ్లు గార అంటారు. గార కట్టాక మీ దగ్గర ఎంత ఖరీదైన బ్రష్ ఉన్నా లాభం లేదు. గరుకుగా ఉండే ఆ గార మీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. దిగువ ముందు పళ్ల లోపలి వైపు చూసుకోండి, లాలాజల గ్రంథులు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి ఎక్కువమందికి గార మొదట అక్కడే కనిపిస్తుంది.

చిగురు అంచున ఈ పాచి కూర్చుంటే శరీరం ఊరుకోదు, దాడికి దిగుతుంది. రక్తనాళాలు ఉబ్బుతాయి, చిగురు ఎర్రబడి వాస్తుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఇది జింజివైటిస్, అంటే చిగుళ్ల వాపు. దీని గురించి చాలా సింపుల్ టెస్ట్ ఒకటి 1965లో డెన్మార్క్‌లో జరిగింది. ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే దంత వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం మానేయమన్నారు. వాళ్లలో ఎక్కువమంది డెంటల్ స్టూడెంట్సే. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలు అయిపోయాయి. ఈరోజు ఇలాంటి టెస్ట్‌కి ఎథిక్స్ కమిటీ ఏమంటుందో గానీ, విషయం మాత్రం తేలిపోయింది: కారణం పాచి, తీసేస్తే వాపు పోతుంది. జింజివైటిస్ పూర్తిగా వెనక్కి తీసుకురాగలిగిన జబ్బు. నాది అదే స్టేజ్.

వెనక్కి రానిది దాని తర్వాతది. వాపు నెలలు, ఏళ్లు అలాగే ఉంటే కొందరిలో అది లోపలికి దిగుతుంది. పన్నుని ఎముకకి పట్టి ఉంచే నారలు తెగుతాయి, ఎముక కరగడం మొదలవుతుంది, చిగురుకీ పన్నుకీ మధ్య జేబులాంటి ఖాళీ ఏర్పడుతుంది. డాక్టర్లు కూడా దాన్ని పాకెట్ అనే అంటారు. ఈ జబ్బు పేరు పెరియోడాంటైటిస్. పాత తెలుగులో పయోరియా అనేవాళ్లు, మా నానమ్మ ఇప్పటికీ ఆ మాటే వాడుతుంది. కరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. అక్కడితో ఆపగలం, అంతే. దాదాపు నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

మిల్లీమీటర్లలో కొలత, ఇదే అసలు బెంచ్‌మార్క్

నాకు క్లినిక్‌లో బాగా నచ్చిన పార్ట్ ఇది. మేడమ్ ఒక సన్నటి పుల్లలాంటి పరికరం తీశారు, దాని మీద మిల్లీమీటర్ల గీతలున్నాయి. పేరు ప్రోబ్. బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. చిగురుకీ పన్నుకీ మధ్య మెల్లగా దించి ఎంత లోతు వెళ్తుందో చూస్తారు. ఒక్కో పన్నుకి ఆరు చోట్ల. జ్ఞానదంతాలు వదిలేస్తే 28 పళ్లకి 168 రీడింగులు. ఆవిడ "మూడు, రెండు, మూడు" అని చదువుతుంటే అసిస్టెంట్ రాసుకుంటోంది, నాకు డేటా ఎంట్రీ చూస్తున్నట్టే ఉంది.

1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే నార్మల్. 4 వచ్చిందంటే జాగ్రత్తపడాలి. 5, 6 దాటితే మీ ఇంట్లో ఉన్న ఏ బ్రష్షూ ఆ అడుగుకి చేరదు. కొలిచేటప్పుడు ఎన్ని చోట్ల రక్తం వచ్చిందో కూడా గుర్తు పెడతారు. ఆపైన ఎక్స్‌రే. ఇప్పుడు క్లినిక్‌లలో ఫిల్మ్ బదులు నోట్లో చిన్న సెన్సర్ పెట్టి తీస్తున్నారు, బొమ్మ క్షణాల్లో స్క్రీన్ మీద పడుతుంది. రేడియోవిజియోగ్రఫీ అంటారు, మనవాళ్లు ఆర్‌వీజీ అనేస్తారు. ఫ్రాన్స్‌లో 1980లలో ఫ్రాన్సిస్ మూయెన్ అనే డెంటిస్ట్ కనిపెట్టాడు, మొదట్లో దాంట్లో ఉన్నది అప్పటి వీడియో కెమెరాల్లో ఉండే సీసీడీ సెన్సరే. డిజిటల్ కెమెరా మన చేతికి రాకముందే పంటి డాక్టర్ చేతికి వచ్చేసిందన్నమాట.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఫోన్ కెమెరాతో పళ్ల ఫొటో తీసి ఏఐతో చిగుళ్ల జబ్బు చెప్పేస్తామనే యాప్స్ వస్తున్నాయి. ఎరుపు, వాపు, గార లాంటివి ఫొటోలో పట్టుకోవచ్చు, కాదనను. కానీ పాకెట్ లోతు, ఎముక మట్టం ఫొటోలో కనిపించవు. 200 మెగాపిక్సెల్ కెమెరా అయినా అంతే, చిగురు వెనక ఏముందో దానికి తెలీదు. ఈ విషయం నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది.

నాన్న కేసు

నాకు స్కేలింగ్ అయిపోయాక ఉత్సాహం ఆగక, ఖమ్మంలో ఉన్న నాన్నకి ఒక ఎలక్ట్రిక్ బ్రష్ కొని పట్టుకెళ్లా. పండక్కి వెళ్లినప్పుడు ఎలా వాడాలో చూపిస్తుంటే నాన్న నవ్వాడు. "నీకు రక్తం వస్తే వచ్చిందేమో గానీ, నా చిగుళ్లు ఇనుమురా. ఈ యాభై నాలుగేళ్లలో ఒక్క చుక్క రాలేదు." నిజమే, చూడటానికి నా కంటే నీట్‌గా ఉన్నాయి. ఎరుపు లేదు, వాపు లేదు. కానీ పై ముందు పళ్ల మధ్య సందు. నా చిన్నప్పటి ఫొటోల్లో ఆ సందు లేదు. కింద ఒక పన్ను నాలుకతో తోస్తే కదులుతోందని అమ్మ చెప్పింది. చికెన్ తిన్నాక అరగంట పుల్లతో కూర్చుంటాడనీ, పళ్లు పొడుగ్గా అవుతున్నాయనీ కూడా. పళ్లు పెరగవు కదా, చిగుళ్లు దిగుతున్నాయి.

నాన్నకి షుగర్ ఉంది. సిగరెట్ కూడా ఉంది. ఈ రెండూ కలిసిన మనిషిని తీసుకురమ్మని నాకు ముందే మేడమ్ చెప్పి ఉండాల్సింది, నేను చెప్పలేదు కాబట్టి ఆవిడకి తెలీదు. బతిమాలి హైదరాబాద్ తీసుకొచ్చా. ప్రోబ్ దించుతుంటే "ఆరు, ఐదు, ఏడు" అని వినపడటం మొదలైంది. నేను రాసుకోవడం ఆపేశా. ఎక్స్‌రేలో కొన్ని పళ్ల దగ్గర ఎముక సగం దాకా లేదు.

మరి రక్తం ఎందుకు రాలేదు? పొగాకులోని నికోటిన్ చిగుళ్లలోని చిన్న రక్తనాళాల మీద పనిచేసి వాపుని, రక్తాన్ని అణిచిపెడుతుంది. లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది, అలారం మాత్రం మ్యూట్‌లో ఉంటుంది. నోటిఫికేషన్లు ఆఫ్ చేసి సర్వర్ బాగానే నడుస్తోందనుకోవడం లాంటిది. రక్తం వచ్చిన నాది వెనక్కి వచ్చే జబ్బు, రక్తం రాని నాన్నది వెనక్కి రాని జబ్బు. మీలో సిగరెట్ తాగేవాళ్లు "నాకు బ్లీడింగ్ లేదు బ్రో" అని ఈ ఆర్టికల్ స్క్రోల్ చేసేయకండి, ముందు కొలిపించుకోవాల్సింది మీరే. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకి పెట్టుకునే చోట చిగురు దిగిపోవడం, పైగా నోటి క్యాన్సర్ రిస్క్, అది వేరే పెద్ద కథ.

షుగర్ సంగతి ఇంకా ఆసక్తికరం. షుగర్ కంట్రోల్‌లో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే ఆ ఇన్‌ఫ్లమేషన్ వల్ల షుగర్ కంట్రోల్ కష్టమవుతుంది. లూప్ అన్నమాట. దీనికి మంచి వైపు కూడా ఉంది. చిగుళ్లకి సరైన ట్రీట్‌మెంట్ ఇస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతోందని ట్రయల్స్ చెప్తున్నాయి. చిన్న నంబరే, కానీ కొన్నిసార్లు అదనంగా ఇంకో మాత్ర వేస్తే వచ్చే మార్పుకి అది దగ్గరగా ఉంటుంది. 2018లో వచ్చిన కొత్త వర్గీకరణలో పెరియోడాంటైటిస్‌కి స్టేజ్ ఒకటి నుంచి నాలుగు దాకా, గ్రేడ్ ఏ నుంచి సీ దాకా ఇస్తారు. స్టేజ్ అంటే ఇప్పటిదాకా ఎంత పోయింది, గ్రేడ్ అంటే ఎంత స్పీడ్‌గా పోతోంది. రోజుకి 10 సిగరెట్లు, ఆపైన తాగినా, లేదా షుగర్ ఉండి హెచ్‌బీఏ1సీ 7, ఆపైన ఉన్నా నేరుగా గ్రేడ్ సీ. నాన్నది స్టేజ్ మూడు, గ్రేడ్ సీ. నాన్న కాగితం చూసి, "టెన్త్‌లో కూడా నాకు సీ గ్రేడ్ రాలేదే" అన్నాడు. మేడమ్ నవ్వలేదు.

ట్రీట్‌మెంట్ ఎలా జరిగింది

నాది అరగంట పని. అల్ట్రాసోనిక్ స్కేలర్ అనే మెషీన్, దాని కొన సెకనుకి పాతిక వేల సార్లకి పైగానే వణుకుతుంది. గార పగిలి రాలిపోతుంది, వేడెక్కకుండా పక్కనుంచి నీళ్లు చిమ్ముతూ ఉంటాయి. కొంచెం జివ్వుమంటుంది, భయపడేంత ఏమీ లేదు. పది రోజులకి రక్తం ఆగిపోయింది.

నాన్నది డీప్ క్లీనింగ్. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పాకెట్ లోపల, వేరు మీద ఉన్న గారని కూడా గీకి శుభ్రం చేస్తారు. ఒక వైపు ఒక రోజు, ఇంకో వైపు వారం తర్వాత. కదులుతున్న పన్ను ఒకటి తీసేయాల్సి వచ్చింది, దానికి ఎముక పట్టు దాదాపు లేదు. మిగతావి ఉంచవచ్చన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచి, అప్పటికీ లోతుగా ఉన్నచోట ఫ్లాప్ సర్జరీ చేయాలో వద్దో చూస్తామన్నారు. ఫ్లాప్ అంటే చిగురుని కొంచెం తెరిచి, కంటికి కనపడేలా శుభ్రం చేసి కుట్టేయడం. ఎముక లోటు ఆకారాన్ని బట్టి కొన్నిచోట్ల ఎముక గ్రాఫ్ట్ పెడతారు, అన్నిచోట్లా పనిచేయదు.

ఇక్కడ మన ఊళ్లలో అందరూ చెప్పే మాట ఒకటుంది: "క్లీనింగ్ చేయించకు, పళ్లు వదులైపోతాయి, సందులొస్తాయి." మా పెదనాన్న ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఈ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. స్కేలింగ్ తర్వాత నాన్నకి సందులు ఇంకా పెద్దగా కనపడ్డాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమన్నాయి. కారణం ఏంటంటే ఆ సందుల్ని ఇన్నాళ్లూ గార నింపి ఉంచింది, వాచిన చిగురు కప్పి ఉంచింది. గార పోయింది, వాపు తగ్గింది, ఉన్న నష్టం కనపడింది. గోడకి చెద పట్టిన చోట క్యాలెండర్ తగిలిస్తే గోడ బాగున్నట్టు కాదు కదా. జివ్వుమనడం కొన్ని వారాల్లో చాలావరకు తగ్గింది, సెన్సిటివిటీ పేస్ట్ ఇచ్చారు.

ఇంకో ట్విస్ట్. నాన్న సిగరెట్ మానేశాడు. నిజంగానే మానేశాడు, ఎముక లేని ఎక్స్‌రే ఆయన మీద పనిచేసినంతగా అమ్మ ఇరవై ఏళ్ల గొడవ పనిచేయలేదు. మానేసిన కొన్ని వారాలకి ఫోన్: "ఒరేయ్, చూశావా, సిగరెట్ ఉన్నన్నాళ్లు చుక్క రక్తం లేదు, ఇప్పుడు వస్తోంది." ఈసారి నాకు సమాధానం తెలుసు. రక్తప్రసరణ మామూలు అవుతోంది, అలారం అన్‌మ్యూట్ అయింది. పొగ మానేసిన కొత్తలో ఇలా రావడం మామూలే. ఇది ముందు తెలియక మళ్లీ మొదలుపెట్టేసేవాళ్లు ఉంటారేమో అని భయమేసి ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నా.

మన ఏజ్ గ్రూప్‌కి వచ్చేవి

17 నుంచి 25 మధ్య వాళ్లకి ఎక్కువగా ఎదురయ్యేది జ్ఞానదంతం గొడవ. పన్ను సగమే బయటికొచ్చి దాని మీద చిగురు మూతలా ఉండిపోతుంది. ఆ మూత కింద తిండి, బ్యాక్టీరియా చేరి వాస్తుంది. చివరి పన్ను వెనక నొప్పి, నోరు తెరవలేకపోవడం, ఒక్కోసారి జ్వరం. గోరువెచ్చని ఉప్పునీళ్లు తాత్కాలికంగా హాయినిస్తాయి. మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ పన్ను తీయించుకోవడం గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. వాపు మెడ వైపు దిగినా, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లండి.

రెండోది అరుదు గానీ గట్టిగా కొడుతుంది. పరీక్షలు, నైట్ షిఫ్టులు, నిద్రలేమి, సిగరెట్, సరైన తిండి లేకపోవడం అన్నీ కలిసినప్పుడు పళ్ల మధ్య ఉండే చిగురు మొనలు కొరికేసినట్టు ఊడిపోయి, బూడిదరంగు పొర, విపరీతమైన నొప్పి, భరించలేని వాసన. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకి వచ్చేది కాబట్టి ట్రెంచ్ మౌత్ అనేవాళ్లు. చిగుళ్ల జబ్బుల్లో బాగా నొప్పి ఉండే కొద్దివాటిలో ఇదొకటి, ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మూడో విషయం మన వానాకాలానిది. జ్వరంతో పాటు చిగుళ్ల నుంచి రక్తం వస్తే డెంటిస్ట్ కాదు, ముందు ఫిజీషియన్. డెంగీలో అది వార్నింగ్ సైన్. జ్వరం లేకపోయినా, పాచి లేని చోట కూడా ఆగకుండా రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే రక్త పరీక్ష చేయించాలి. అలాగే ఇంట్లో పెద్దవాళ్లకి బీపీ కోసం ఆమ్లోడిపిన్, ఫిట్స్ కోసం ఫెనిటోయిన్ లాంటి మందులుంటే కొందరికి చిగుళ్లు లావుగా పెరుగుతాయి. మందు సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టర్‌కి చెప్పాలి.

ఇక గ్యాడ్జెట్ల సంగతి

మన సైట్ కాబట్టి ఇది రాయకపోతే ఊరుకోరు. ఎలక్ట్రిక్ బ్రష్ కొత్త ఐటెమ్ కాదు, 1954లో స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ గై వూగ్ చేశాడు. ఫోన్లలో వైర్‌లెస్ ఛార్జింగ్ చూసి మనం ఆశ్చర్యపోవడానికి చాలా ముందు, 1990లలోనే బ్రష్‌లు ఇండక్షన్ మీద ఛార్జ్ అవుతున్నాయి. ఇప్పుడు మెయిన్‌గా రెండు రకాలు: ఓరల్-బీ లాగా గుండ్రటి తల అటూ ఇటూ తిరిగేవి, ఫిలిప్స్ సోనికేర్ లాగా పొడవాటి తల వేగంగా ఊగేవి. సోనికేర్ వాళ్లు నిమిషానికి 31,000 స్ట్రోక్స్ అంటారు.

మరి మామూలు బ్రష్ కంటే బెటరా? కొక్రేన్ అనే సంస్థ 2014లో 56 ట్రయల్స్ కలిపి చూసింది. ఎలక్ట్రిక్ వాడినవాళ్లకి మూడు నెలలు దాటాక పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువ. అంటే బెటరే, కానీ అప్‌గ్రేడ్ మాత్రమే, మ్యాజిక్ కాదు. చేత్తో సరిగ్గా తోముకునేవాడికి ఇది తప్పనిసరి కాదు. నా లెక్కలో డబ్బు పెట్టాల్సినవి రెండే ఫీచర్లు: 30 సెకన్లకోసారి వైపు మార్చమని చెప్పే రెండు నిమిషాల టైమర్, గట్టిగా నొక్కితే ఆపే లేదా లైట్ వేసే ప్రెషర్ సెన్సర్. రెండోది నాకు బాగా ఉపయోగపడింది, బూట్లు పాలిష్ చేసినట్టు తోమే అలవాటు నాది. అలా తోమితే చిగురు దిగిపోతుంది, పళ్ల మెడలు అరుగుతాయి. బ్లూటూత్, నోటి త్రీడీ మ్యాప్, బ్యాడ్జీలు మొదటి వారం బాగుంటాయి, తర్వాత ఎవరూ యాప్ తెరవరు. అన్నట్టు, బ్రష్ కొనే ముందు దాని తలలు విడిగా దొరుకుతాయా, ధర ఎంత అని చూసుకోండి. మూడు నెలలకోసారి మార్చాలి, ప్రింటర్ ఇంక్ లాగా అసలు ఖర్చు అక్కడే.

ఏ బ్రష్ అయినా మెత్తటి కుచ్చు, చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి, చిన్నగా కదపడం. ఈ పద్ధతికి పేరు బాస్ మెథడ్. బాస్ అంటే హెడ్ అని కాదు, ఛార్లెస్ బాస్ అనే అమెరికన్ డాక్టర్. ఆయన అసలు డెంటిస్టే కాదు, మెడికల్ కాలేజీ డీన్. ఎలక్ట్రిక్ అయితే మీరు రుద్దకండి, పన్ను పన్ను దగ్గర పట్టుకుని ఆగండి చాలు. ఫ్లోరైడ్ పేస్ట్, రోజుకి రెండుసార్లు, రాత్రిది మాత్రం వదలొద్దు.

పళ్ల మధ్యకి ఏ బ్రష్షూ వెళ్లదు. దగ్గర దగ్గరగా ఉన్న పళ్లకి ఫ్లాస్. సందులు వచ్చేసినవాళ్లకి చిన్న సీసా బ్రష్‌లాంటి ఇంటర్‌డెంటల్ బ్రష్ ఫ్లాస్ కంటే బాగా పనిచేస్తుంది. నాన్నకి అవే ఇచ్చారు, ఇప్పుడు చికెన్ తర్వాత పుల్ల లేదు. వాటర్ ఫ్లాసర్ సరదాగా ఉంటుంది, క్లిప్పులు, ఇంప్లాంట్లు ఉన్నవాళ్లకి నిజంగా సాయం చేస్తుంది, చిగుళ్ల రక్తం కూడా తగ్గిస్తుంది. కానీ గట్టిపడిన గారని నీటి ధార తీయలేదు.

కొనకూడని ఐటెమ్ ఒకటి చెప్పాలి. ఆన్‌లైన్‌లో "హోమ్ అల్ట్రాసోనిక్ స్కేలర్" అని చవగ్గా దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి చల్లబరిచే నీళ్లుండవు. మీకు మీ దిగువ పళ్ల లోపలి వైపు కనపడదు. కనపడే గార కొంచెం రాలుతుంది, చిగురు కింద ఉన్నది అలాగే ఉంటుంది, మధ్యలో ఎనామిల్‌కో చిగురుకో గీత పడుతుంది. పైకి తెల్లగా కనపడి లోపల జబ్బు దాచేస్తుంది కాబట్టి ఇది ఇంకా డేంజర్. బ్లూ లైట్ వైట్‌నింగ్ కిట్లకి చిగుళ్ల జబ్బుతో సంబంధమే లేదు.

మౌత్‌వాష్‌లో క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది బాగా పనిచేస్తుంది, కానీ అది మందు, డాక్టర్ చెప్పినన్ని రోజులే, మామూలుగా రెండు వారాలు. నా రూమ్మేట్ ఒకడు బాగుందని మూడు నెలలు వాడాడు, రోజుకి ఆరు టీలు తాగుతాడు, పళ్లన్నీ గోధుమరంగు. రుచి కూడా మారిందని గోల. మచ్చలు క్లీనింగ్‌తో పోయాయిలెండి. బ్రష్ చేసిన వెంటనే కాకుండా అరగంట ఆగి పుక్కిలించాలి, పేస్ట్‌లోని నురగ పదార్థం దాన్ని బలహీనం చేస్తుంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసుకోవడం మాత్రం వద్దు. వాపు నాలుగు రోజులు తగ్గుతుంది, గార అక్కడే ఉంటుంది, మళ్లీ వస్తుంది. చిగురు మీద ఆస్పిరిన్ మాత్ర పెడితే చర్మం కాలినట్టు కాలుతుంది, లవంగ నూనె నేరుగా రాసినా మండుతుంది.

రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ చేయడం మానేయకండి. నేనైతే మొదట్లో అదే చేశా. పాచి ఇంకా పెరుగుతుంది, రక్తం ఇంకా పెరుగుతుంది. మెల్లగా అక్కడే తోమండి, పది పదిహేను రోజులైనా తగ్గకపోతే ప్రోబ్‌తో కొలిపించండి. చూసి "క్లీనింగ్ చేయాలి" అని మాత్రమే చెప్తే, "పాకెట్స్ ఎంత ఉన్నాయి మేడమ్?" అని మీరే అడగండి. ర్యామ్ ఎంత అని అడగకుండా ఫోన్ కొనం కదా.

నాన్న మూడు నెలల రీడింగులు పోయిన శనివారం వచ్చాయి. ఆరులు చాలావరకు నాలుగయ్యాయి. ఏడు ఉన్నచోట ఐదు, ఇంకోచోట ఆరు అలాగే ఉంది, అక్కడ ఫ్లాప్ చేయాలన్నారు. హెచ్‌బీఏ1సీ 8.6 నుంచి 7.7కి వచ్చింది. అందులో చిగుళ్ల వాటా ఎంతో, సాయంత్రం వాకింగ్ వాటా ఎంతో విడదీసి చెప్పలేం. తీసేసిన పన్ను చోట ఏం పెట్టించాలో సర్జరీ అయ్యాక చూద్దామన్నారు. నేను కొనిచ్చిన బ్రష్ వాడుతున్నాడు గానీ యాప్ ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసేశాడు, స్టోరేజ్ లేదంట. మొత్తం గుడ్ మార్నింగ్ ఫొటోలే.